ఎనిమిదీ ఒకటీ, శుక్రవారం సంత

గృహప్రవేశానికి పిలుస్తూ ఎవరైనా ఫోన్లో మెసేజీ పెడితే నేను ముందు తేదీ చూస్తాను, తర్వాత పక్కన వారం వేశారా అని చూస్తాను. వెయ్యకపోతే ఫోన్ చేసి మరీ అడుగుతాను. మా ఆయన తల పట్టుకుంటారు. రిటైరై మూడేళ్ళయింది, ఇంకా ఈ పిచ్చి వదల్లేదా అంటారు. వదలదు. ఈ పిచ్చి నాకు ఎక్కడ పట్టుకుందో చెబుతాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరి, తెర మీద కనిపించిందే వేదమనుకునే పిల్లలు కాస్త చెవి పెట్టి వినండి. నేనూ మీలాగే అనుకున్నాను, అదీ యాభై ఏడేళ్ళ వయసులో.

నేను ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో సంవత్సరానికి రెండే అంకెలు వాడేవాళ్ళం. జాగా తక్కువ, పొదుపు ఎక్కువ. శతాబ్దం మారే వేళకి ఆ రెండంకెలు ఊరందరి కొంపా ముంచుతాయని గోల పుట్టింది. అప్పట్లో నేను పనిచేసే ఆఫీసులో ఆ మరమ్మతంతా నా చేతుల మీదే జరిగింది. ఒక్క తేదీ కూడా తప్పు పోలేదు. దాంతో నాకు 'తేదీల మేడం' అని పేరు పడింది. ఆ పేరు వినీ వినీ నా తల కొంచెం బరువెక్కిందనే చెప్పాలి.

ఆ బరువు తలతోనే ఉద్యోగంలో ఆఖరి ఆరేళ్ళకీ అరకు వచ్చాను. మాది పాచిపెంట దిగువనున్న పల్లె. చిన్నప్పట్నుంచీ కొండలు చూస్తూ పెరిగినదాన్నే గానీ, కొండ మీద బతకడం అదే మొదటిసారి. కాఫీ రైతుల సంఘం ఒకటి ఉండేది. అరవై దాకా ఊళ్ళు అందులో చేరాయి. రసాయన ఎరువు, పురుగుమందు ముట్టుకోకుండా మూడేళ్ళు తోట పెంచితే ఆ ఊరి కాఫీకి సేంద్రియమని సర్టిఫికెట్ వస్తుంది. ఏ ఊరు ఏ రోజున వేలిముద్రలు వేసి చేరిందో రాసి పెట్టుకోవడం, ఆ రోజు నుంచి నేటి తేదీకి మూడేళ్ళు నిండాయో లేదో లెక్కగట్టడం నా ప్రోగ్రాం పని. ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసెయ్యడమే కదా, చంటిపిల్ల కూడా చేస్తుంది అనుకున్నాను.

మా ఆపరేటరు డుంబ్రిగుడ పక్క ఊరి మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. మాట తక్కువ, పని గట్టిది. నేను వెళ్ళేసరికి ఆఫీసులో ఉన్న పాత కంప్యూటరుకి లోపలి గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆపి మళ్ళీ వేస్తే చాలు, అది ఇరవయ్యేళ్ళ వెనక్కి పోయి ఏదో ఒకటో తారీకున నిద్ర లేచేది. రోజూ పొద్దున్నే మా ఆపరేటరు గోడ క్యాలెండరు చూసి దానికి ఆ రోజు తేదీ చెప్పేది. ఆమె ఒకరోజు సెలవు పెడితే, ఆ రోజు నమోదైన రైతుల్లో నలుగురు పుట్టకముందే సంఘంలో చేరినట్టు పడింది. నేను పడీ పడీ నవ్వి, కొత్త కంప్యూటరు తెప్పించాను. నవ్వేముందు ఆలోచించాల్సింది, తేదీ విషయంలో యంత్రానికి ఆమె ఆధారం గానీ ఆమెకి యంత్రం కాదని.

ఆమెకి ఒక అలవాటు ఉండేది. ఊళ్ళ జాబితాలో చివర 'రిమార్కులు' అని ఒక గడి ఉంటుంది. ఎవరైనా ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. ఈవిడ మాత్రం కాగితం పట్టుకొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, అడిగి, ప్రతి ఊరికీ ఏదో ఒకటి తెలుగులో టైపు చేసేది. సంత ముందురోజు అనీ, సంత అయిన మూడో నాడు అనీ, సంతకి పోతూ దారిలో వేలు వేశారు అనీ. ఏంటమ్మా ఈ సంత గోల, ఇది కంప్యూటరా కిరాణా కొట్టు పద్దు పుస్తకమా అని కసిరాను. ఆవిడ నొచ్చుకోలేదు. మావాళ్ళకి తారీకు చెప్తే గుర్తుండదు మేడమ్, సంత చెప్తే తప్పరు అంది. సరే సరే అన్నాను. ఆ మరుసటి ఏడు కొత్త ప్రోగ్రాం రాసినప్పుడు ఆ గడి మొత్తం తీసిపారేశాను. తెర శుభ్రంగా ఉందని మురిసిపోయాను కూడా.

ఆ కొత్త ప్రోగ్రాంలో నేను చేసిన ఇంకో ఘనకార్యం ఉంది. ఊళ్ళు చేరేటప్పుడు నింపిన ఫారాలు విదేశీ కొనుగోలుదారు అచ్చు వేయించి పంపినవి. వాటి మీద తేదీ దగ్గర ముందు నెల గడి, తర్వాత రోజు గడి ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. కొందరు ఆ అక్షరాలు చూసి నింపారు, కొందరు మనందరికీ అలవాటైనట్టు రోజు ముందు రాసేశారు. ఫారం మీద ఎలా ఉంటే అలా చదవమని నేను ప్రోగ్రాంకి చెప్పాను. మరి నెల గడిలో ఇరవై రెండు అని ఉంటే? ఇరవై రెండో నెల లేదు కదా, అలాంటి చోట నువ్వే తిరగేసుకో తల్లీ అని దానికి తెలివి నేర్పాను. అది నోరెత్తకుండా తిరగేసుకునేది. ఒక్క మాట కూడా ఎవరికీ చెప్పేది కాదు. పిల్లలూ, తప్పు కనిపించగానే అరిచి గీపెట్టి ఆగిపోయే ప్రోగ్రాం మంచిది. చడీచప్పుడు లేకుండా సర్దుకుపోయే ప్రోగ్రాంని మాత్రం నమ్మకండి. పన్నెండు దాటిన తేదీలన్నీ అందంగా కుదిరాయి కాబట్టి, పన్నెండు లోపువి ఏమయ్యాయో చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

మా ఆపరేటరుకి పుట్టింది. ఒకరోజు ఫలానా ఊరు చలికాలంలో చేరింది మేడమ్, లిస్టులో ఆగస్టు అని చూపిస్తోందేంటి అని అడిగింది. సిస్టం తప్పు చెయ్యదమ్మా, నువ్వే మర్చిపోయుంటావు అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఇక అసలు రోజు దగ్గరికి వస్తున్నాను. తనిఖీ సంస్థ వాళ్ళు ఏడాదికి ఒక్కసారే, జనవరి నెలాఖరులో వస్తారు. ఆ రోజుకి మూడేళ్ళు నిండిన ఊళ్ళు జాబితాలో ఉంటే సర్టిఫికెట్, లేకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. ఆ ఏడు వచ్చిన ఇన్‌స్పెక్టరు నెమ్మదస్తుడే గానీ నియమం దగ్గర మాత్రం ఉడుంపట్టు. మేనేజరు గారు టీలు, బిస్కెట్లు తెప్పించారు. నేను దర్జాగా మీట నొక్కి జాబితా తీశాను. అప్పటికే గుమ్మం దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడది నేను ఇందాక చెప్పిన ఫలానా ఊరే. ఊరి తోటలకి ఆమే పెద్ద. అరవై ఏళ్ళ మనిషి తెల్లారి లేచి కొండ దిగి, ఆటో పట్టుకుని, తమ ఊరి పేరు వినడానికి వచ్చింది.

జాబితాలో ఆ ఊరి పేరు లేదు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తెర మీద ఆ ఊరి వివరం తెరిచాను. చేరిన తేదీ ఆగస్టు ఒకటి. రెండేళ్ళ ఆరు నెలలే అయిందని చూపిస్తోంది. ఫైలు తీయించి ఫారం చూశాను. నెల గడిలో ఎనిమిది, రోజు గడిలో ఒకటి. రాసింది ఆ ఊరి బడి పంతులు. ఆయన ఎప్పుడో బదిలీ మీద వెళ్ళిపోయారు. జనవరి ఎనిమిది అని ఆయన మన అలవాటు ప్రకారం రాస్తే, ఆగస్టు ఒకటి అని నేను వాళ్ళ అచ్చు ప్రకారం చదివాను. ఇలా తిరగబడ్డ ఊళ్ళు మరో మూడు ఉన్నాయని తర్వాత తేలింది గానీ, వాటికి ఎటు చదివినా మూడేళ్ళు నిండిపోయాయి కనుక ఎవరికీ నొప్పి తెలియలేదు. ఈ ఊరు ఒక్కటే మధ్యలో ఇరుక్కుంది.

ఇన్‌స్పెక్టరు కాగితం చూశారు, మేము గత రెండేళ్ళూ డిసెంబరు డిసెంబరుకీ పంపిన జాబితాలూ చూశారు. కాగితం ఆగస్టు అంటోంది, మీ జాబితా ఆగస్టు అంటోంది, ఇవాళ మాత్రం మీరు జనవరి అంటున్నారు, నేనేం చెయ్యాలి చెప్పండి అన్నారు. మనిషి తప్పు లేదు. ఆయన జాగాలో నేనున్నా అదే అంటాను. కాసేపు ఆలోచించుకోండి అని, కాఫీ గింజలు ఆరబోసిన కళ్ళం చూడ్డానికి బయటికి వెళ్ళారు.

పెద్దావిడకి సంగతి చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఊళ్ళో మొగవాళ్ళు ఈ ఏడు కాగితం రాకపోతే ఎరువు బస్తాలు దించేస్తామని కూర్చున్నారట. కాండం తొలిచే పురుగు పట్టినప్పుడు మందు కొడదామంటే ఈమే అడ్డంపడి, పుచ్చిన మొక్కలు పీకించి కాల్పించిందట. అందులో ఆమెవే ఎక్కువ. ఈ మూడేళ్ళు నా మాట మీద ఆగండర్రా అని ఒక్కొక్కరినీ బతిమాలి ఆపింది. ఇప్పుడు వట్టి చేతులతో కొండెక్కితే ఆమె మాటకి ఆ ఊళ్ళో మళ్ళీ విలువ ఉండదు. ఒక్క ఎరువు బస్తా తోటలో పడితే మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

మేనేజరు గారు మంచి మనిషి, ఎవరి బాధా చూడలేరు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించారు. "మేడమ్, సిస్టం తేదీ ఆగస్టుకి తోసెయ్యండి. మూడేళ్ళు నిండిపోతాయి, ఊరు లిస్టులోకి వచ్చేస్తుంది. ప్రింటు తీసి మళ్ళీ వెనక్కి లాగేద్దాం. ఇందాక లెక్క తప్పు పడిందని చెబుదాం. గడియారమే కదా, ఎవరికి నష్టం?"

ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నా చెయ్యి గడియారం మీదకి వెళ్ళింది. వయసులో ఉన్నప్పుడు ఇలాంటి పని ఒకసారి చేశాను, దొరకలేదు కూడా. ఆ ఊరు నిజంగా జనవరిలోనే చేరింది కదా, నిజానికే సాయం చేస్తున్నాను కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. గుమ్మం దగ్గర్నుంచి పెద్దావిడ మమ్మల్నే చూస్తోంది. ఏం చేస్తున్నామో మా ఆపరేటరు ఆమెకి వాళ్ళ కొండ భాషలో చెప్పింది. ఆమె లేచి లోపలికి వచ్చింది.

"వద్దమ్మా. మూడేళ్ళు ఎరువు ఎయ్యనేదు. అది నిజిం. నిజిం పక్కన అబద్దం తారీకేటికి?"

నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. మేనేజరు గారు బిస్కెట్ల పళ్ళెం సర్దడం మొదలుపెట్టారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని చిన్నప్పుడు నాకు మా అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. అడుసులో కాలు పెట్టకముందే లాగేసిన మనిషి మాత్రం ఆ పెద్దావిడే.

అప్పుడు మా ఆపరేటరు నోరు విప్పింది. "మేడమ్, మొదటేడు మనం పంపిన లిస్టు ఆళ్ళ కాడ ఉంటాది. అందులో నా రిమార్కులుంటాయి. మీరు తీసెయ్యక ముందరిది."

దెప్పిపొడవడానికి అన్న మాట కాదది. ఆ మనిషికి దెప్పడం రాదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. మా దగ్గరున్న కాపీలన్నిట్లోంచీ ఆ గడిని శుభ్రంగా తుడిచిపెట్టింది నేనే. లోకం మొత్తం మీద అది మిగిలుంటే గింటే, ఆ ఇన్‌స్పెక్టరు ల్యాప్‌టాప్‌లోనే మిగిలుండాలి.

ఆయన కళ్ళం చూసి రాగానే అడిగాను. ఆయన పాత ఫైళ్ళు వెతికి మొదటి ఏడాది జాబితా తెరిచారు. ఆ ఊరి వరసలో తేదీ ఫారంలో ఉన్నట్టే ఎనిమిదీ ఒకటీ, చివరి గడి నిండా పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు, ఎక్కడెక్కడి గుర్తులో. మా ఆఫీసులో ఇది చూసి వైరస్ అనుకున్నామండీ అన్నారాయన. వైరస్ కాదు, పాత తెలుగు ఫాంటు. మా ఆపరేటరు ఆ ఫాంటుని పెన్‌డ్రైవులో దాచుకుంది. ఆయన కంప్యూటరులో వెయ్యడానికి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వేశాక పిచ్చి గీతలు ఒక్కొక్కటే అక్షరాలై నిలబడ్డాయి. మా ఆపరేటరు వేలు పెట్టి చదివింది.

"శుక్రవారం సంత నుండి తిరిగి వచ్చి వేలిముద్రలు వేసినారు. ఆడవాళ్ళు పదకొండు మంది."

ఇన్‌స్పెక్టరు తన ఫోనులోనే క్యాలెండరు వెనక్కి జరిపారు. ఆ ఏడు జనవరి ఎనిమిది, శుక్రవారం. ఆగస్టుకి జరిపారు. ఆగస్టు ఒకటి, ఆదివారం. అరకు సంత శుక్రవారం తప్ప ఇంకోరోజు జరగదని ఆయనకీ తెలుసు. తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆ సంతలోనే ఇంటికి అల్లం, పసుపు కొనుక్కునేవారు.

అయినా ఆయన పని ఆయన చెయ్యాలిగా. పెద్దావిడ వైపు తిరిగి, ఏమీ ఎరగనట్టు, ఆ రోజు సంతలో ఏం కొన్నావమ్మా అని అడిగారు. ఆమె తడుముకోలేదు.

"దుప్పటి కొన్నాను బాబూ. ఒణుకు సలి. ఆ దుప్పటి కప్పుకునే కూకుని ఏలు ఏసినాను."

ఇన్‌స్పెక్టరు నవ్వేశారు. నవ్వుతూనే జాబితా తీసుకుని, ఆ ఊరి పేరు చేత్తో రాసి, సంతకం పెట్టారు. పాత జాబితా కాపీ జతచేశారు. ప్రోగ్రాంలో పొరపాటు జరిగిందని నన్నో కాగితం రాసివ్వమన్నారు. సాంకేతిక కారణాల వల్ల అని రాయండి మేడమ్, ఎవరికీ మాట రాదు అని మేనేజరు గారు చెవిలో చెప్పారు. నేను రాయలేదు. తప్పు ప్రోగ్రాంది కాదు, దాన్ని రాసినదానిది, ఆపరేటరు ముందే చెప్పినా వినలేదు అని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి వాక్యం రాయడం అదే మొదలు. రాశాక ఎంత తేలిగ్గా అనిపించిందో! తేదీల మేడం కిరీటం దిగిపోయి మెడనొప్పి తగ్గినట్టయింది.

పెద్దావిడ వెళ్ళేముందు నా కంప్యూటరు దగ్గర నిలబడి దాన్ని ఎగాదిగా చూసింది. దీనికి సంత తెలీదా అని అడిగింది. తెలీదప్పా, నేను చెప్పలేదు అన్నాను. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. మరి చెప్పమ్మా అనేసి ఆటో ఎక్కింది.

చెప్పాను. నెల పేరు అక్షరాల్లో తప్ప అంకెల్లో రాయకూడదని పెట్టాను. పాత కాగితాలు ఎక్కించేటప్పుడు తేదీతో పాటు అది సంతకి ఎన్నో రోజో కూడా అడిగే గడి పెట్టాను. తేదీ, సంత కలవకపోతే ప్రోగ్రాం అక్కడే భీష్మించుకు కూర్చుంటుంది, ఎంత బతిమాలినా ముందుకి కదలదు. రిమార్కుల గడి మళ్ళీ తెచ్చాను, ఈసారి రెండింతలు పెద్దది. ఇక ఏ తేదీ తిరగబడినా పట్టేస్తానని మళ్ళీ కొంచెం ఛాతీ విరిచాను.

పదిరోజులు తిరక్కుండా మా ఆపరేటరు ఒక చీటీ పట్టుకొచ్చింది. మే తొమ్మిదీ సెప్టెంబరు ఐదూ ఏ ఏడు చూసినా ఒకే వారం పడుతున్నాయట. అంకెలు తిరగేసినా నా సంత గడి కిమ్మనకుండా ఒప్పేసుకుంటోందట. కూర్చుని లెక్క వేశాను. నిజమే. మధ్యలో నూట పంతొమ్మిది రోజులు, సరిగ్గా పదిహేడు వారాలు. మరేం చేద్దాం అని నేనే ఆమెని అడిగాను. అడగడం అప్పటికి నేర్చుకున్నానన్నమాట. ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. మేలో అయితే పనసపళ్ళు మేడమ్, సెప్టెంబరులో అయితే గెడ్డలూ వాగులూ పొంగి ఉంటాయి, ఆ రోజు ఊళ్ళో ఏం సంగతి అని అడిగితే సరిపోతుంది అంది. రిమార్కుల గడి పక్కన ఇంకో గడి పుట్టింది.

తర్వాత రెండేళ్ళకి నేను రిటైరయ్యాను. ఆ నెల మొదట్లో పెద్దావిడ సంతకి వచ్చి, ఎప్పుడెళ్ళిపోతావమ్మా అని అడిగింది. ముప్పై ఒకటో తారీకు అన్నాను. ఆ తారీకు ఆమెకి ఎక్కలేదు. నాకు సిగ్గేసింది. గోడ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, వేళ్ళు మడిచి, ఇది పోగా మూడో సంత అయిన మూడో నాడు అప్పా అన్నాను. ఆమె కూడా వేళ్ళు మడిచి, సరే అంది.

నా వీడ్కోలు సభకి మేనేజరు గారు అందరికీ మెసేజీ పెట్టారు. పాపం, హడావుడిలో ముప్పై ఒకటి, మంగళవారం అని పెట్టేశారు. ముప్పై ఒకటి సోమవారం. సగం మంది సోమవారం వచ్చారు, సగం మంది మర్నాడు పూలదండలు పట్టుకుని వచ్చి తాళం వేసిన నా గది ముందు నిలబడ్డారట. సభలో సగం కుర్చీలు ఖాళీ. ముందు వరసలో మాత్రం ఆ ఊరి ఆడవాళ్ళు పదకొండు మందీ కూర్చున్నారు. ఆఫీసు తెరవకముందే వచ్చారని మా ఆపరేటరు చెప్పింది. ఇప్పటికీ మా తోటలో ఎరువు బస్తా దిగనేదమ్మా అని పెద్దావిడ చెప్పింది. ఆగస్టు నెల అయినా భుజం మీద ఆ దుప్పటి వేసుకుని వచ్చింది.